ఏలినాటి శని, ఒక బీఈడీ దరఖాస్తు

చెల్లి ఫోన్ చేసింది. పిన్ని కూతురు, రాజమండ్రిలో ఉంటుంది. "అక్కా, నాకు జన్మశని నడుస్తోందంట. 2027 జూన్ దాకా కొత్తగా ఏదీ మొదలుపెట్టొద్దన్నారు" అంది. భయపడుతోందేమో అనుకున్నాను. గొంతులో భయం లేదు, ఊరట ఉంది. "పోనీలే, ఎందుకిలా ఉన్నానో తెలిసింది" అని కూడా అంది.

ఆ ఊరట నన్ను చాలా రోజులు వదల్లేదు. శని పట్టిందని చెబితే మనిషికి ఊరట ఎందుకు కలగాలి?

దానికి ముప్పై ఎనిమిదేళ్లు. బీఏ చదివింది. పెళ్లయ్యాక ఓ ప్రైవేటు స్కూల్లో నాలుగేళ్లు పాఠాలు చెప్పింది. రెండో పిల్ల పుట్టాక మానేసింది, ఆ వెంటనే అత్తగారికి పక్షవాతం. ఇప్పుడు పిల్లలు కాస్త ఎదిగారు, ఎడ్‌సెట్ రాసి బీఈడీ చేద్దామని మూడేళ్లుగా అనుకుంటోంది. ఏటా నోటిఫికేషన్ వస్తుంది, స్క్రీన్‌షాట్ తీసి ఫోన్లో పెట్టుకుంటుంది, ఆఖరి తేదీ దాటిపోతుంది. ఎందుకు కట్టలేదే అంటే "ఏమో అక్కా, చెయ్యి ఆడట్లేదు" అంటుంది. ఏడుపూ రాదు, కోపమూ రాదు. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. దీన్ని ఇంట్లోవాళ్లు బద్ధకం అన్నారు. అత్తగారు పొగరు అంది. తనేమో "నాలోనే ఏదో తేడా ఉంది" అనుకుంది. జ్యోతిష్కుడు ఒక్కడే "నీ తప్పేం లేదమ్మా, టైం బాలేదు" అన్నాడు.

ఆ ఊరట ఇక్కడిదే. దీన్ని తేలిగ్గా కొట్టిపారేస్తే అసలు విషయం అర్థం కాదు. అయితే ఈ ఏలినాటి శని అనే మాటలో నాలుగైదు దారాలు కలిసి చిక్కుపడి ఉన్నాయి. ఆకాశంలో జరిగేది ఒకటి, పంచాంగంలో లెక్క ఒకటి, దాని మీద అల్లిన కథ ఒకటి, పరిహారం ఇంకొకటి, వ్యాపారం వేరు. విడదీసి చూద్దాం.

ఆకాశం సంగతి సులువు. కంటికి కనిపించే ఐదు గ్రహాల్లో అన్నిటికన్నా నెమ్మదిగా కదిలేది శని. సూర్యుడి చుట్టూ ఒక్కసారి తిరగడానికి దాదాపు 29న్నర ఏళ్లు పడుతుంది. శనైశ్చరుడు అన్న పేరుకు అర్థమే మెల్లగా నడిచేవాడని. ఇంకో పేరు మందుడు. కోనసీమలో శనిత్రయోదశికి జనం విరగబడే మందపల్లిలో స్వామి పేరు కూడా మందేశ్వరుడే. పూర్వం రాత్రిళ్లు ఆకాశం చూస్తూ గడిపినవాళ్లకు ఆ గ్రహం ఎప్పుడు చూసినా ఉన్నచోటే ఉన్నట్టు కనిపించేది. బతుకులో ఏదీ ముందుకు కదలకపోతే దాన్ని ఆ గ్రహానికి అంటగట్టడం ఎంత సహజమో చూడండి. శని మనల్ని ఆపేశాడనే కన్నా, మనం ఆగినప్పుడల్లా శని గుర్తొచ్చాడనడం నిజానికి దగ్గర.

లెక్క కూడా కష్టమేం కాదు. పుట్టినప్పుడు చంద్రుడు ఏ రాశిలో ఉంటే అది జన్మరాశి. శని దానికి ముందు రాశిలో, ఆ రాశిలో, దాని తర్వాతి రాశిలో ఉండే కాలం ఏలినాటి శని. నడిమి భాగం, అంటే శని జన్మరాశిలోనే ఉండే కాలం, జన్మశని. రాశికి రెండున్నరేళ్ల చొప్పున ఏడున్నరేళ్లు. ఇప్పుడో చిన్న కూడిక చెయ్యండి. పన్నెండు రాశుల్లో ఎప్పుడు చూసినా మూడు రాశులకు ఏలినాటి శని నడుస్తూనే ఉంటుంది, అంటే నలుగురిలో ఒకరికి. జన్మరాశి నుంచి లెక్కపెడితే నాలుగో ఇంట ఉంటే అర్ధాష్టమ శని, ఎనిమిదో ఇంట ఉంటే అష్టమ శని. ఈ రెండూ కలిపితే పన్నెండులో ఐదు రాశులు. యాభై మంది ఎక్కిన బస్సులో సుమారు ఇరవై ఒక్కమందిని ఏదో ఒక శని పట్టి ఉంటాడన్నమాట. దాంతో ఏం పోయినా కారణం దొరుకుతుంది. మిగతా ఇరవై తొమ్మిది మందిలోనూ మనసు బాగాలేనివాళ్లుంటారు కదా, వాళ్లకు రాహువు, కేతువు, గురుబలం లేకపోవడం ఉన్నాయి.

కుజదోషం లెక్క ఇంతకన్నా గమ్మత్తు. రెండు, నాలుగు, ఏడు, ఎనిమిది, పన్నెండు స్థానాల్లో కుజుడుంటే దోషం. లగ్నం నుంచి, చంద్రుడి నుంచి, శుక్రుడి నుంచి మూడు విధాలా చూస్తారు. మూడింటిలో ఒక్కచోటైనా తగిలే అవకాశం లెక్కేస్తే ఇంచుమించు 80 శాతం వస్తుంది. ఇంతమందికి పెళ్లి ఆపలేరు కాబట్టే పరిహారాలూ మినహాయింపులూ అన్ని పుట్టాయి.

మన చెల్లి దగ్గరికి వద్దాం. తను నవంబరు చివర్లో పుట్టింది. వారపత్రిక వెనక పేజీలో పుట్టిన తేదీని బట్టి చూస్తే ధనుస్సు. జన్మనక్షత్రం బట్టి మీనం. పేరు లకారంతో మొదలవుతుంది, 'చూ చే చో ల' అశ్విని కాబట్టి నామరాశి మేషం. రోజూ పొద్దున ఈ మూడూ చదువుతుంది, ఏది బాగుంటే ఆరోజుకి అది. నవ్వకండి, మనలో చాలామంది చేసేది అదే. తమాషా ఏమిటంటే ప్రస్తుతం మూడింటికీ శని ఉన్నాడు. ధనుస్సుకు అర్ధాష్టమం, మీనానికి జన్మశని, మేషానికి ఏలినాటి మొదలు. ఎటు తిరిగినా తప్పలేదు.

తేదీని బట్టి చెప్పే రాశులు పాశ్చాత్య పద్ధతి. వాళ్లు వసంత విషువత్తు (మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజు సూర్యుడుండే చోటు) నుంచి లెక్కపెడతారు, మనవాళ్లు నక్షత్రాల నుంచి. రెండింటికీ తేడా ఇప్పుడు 24 డిగ్రీలు. దాన్నే అయనాంశ అంటారు. దేశమంతటికీ ఒకే కేలండర్ ఉండాలని శాస్త్రవేత్త మేఘనాద్ సాహా అధ్యక్షతన వేసిన కేలండర్ సంస్కరణ సంఘం 1955లో ఇచ్చిన నివేదికలో ఆ తేడాకూ ఒక లెక్క చెప్పింది. అయినా తగువు తీరలేదు. ఉగాది నుంచి దీపావళి దాకా పండగ ఏరోజని కొట్టుకునేది చాలావరకు, ఆకాశంలో కనిపించేదానితో సరిచూసే దృక్ లెక్కకూ పాత గ్రంథాల సూత్రాలతో కట్టే పూర్వసిద్ధాంతానికీ మధ్య ఉన్న తేడా వల్లే. శని మీనంలోకి 2025 మార్చి 29న వచ్చాడని దృక్ పంచాంగాలు చెబితే, శనికి పేరుమోసిన తిరునల్లారు గుడివాళ్లు పాత పద్ధతిలో లెక్కకట్టే తమ వాక్య పంచాంగం ప్రకారం అది 2026లో అన్నారు. మరి మధ్యలో ఆ ఏడాది చెల్లికి జరిగినవి ఏ శని ఖాతాలో రాయాలి?

రీల్స్ వచ్చాక ఇంకో చిక్కు చేరింది. శని రిటర్న్ అనే మాట. మనిషి పుట్టినప్పుడు శని ఎక్కడున్నాడో మళ్లీ అక్కడికే రావడం, అంటే ఇరవై తొమ్మిది, ముప్పై ఏళ్లప్పుడు. ఇది పాశ్చాత్య జ్యోతిషంలోది, చంద్రుడితో సంబంధం లేదు. తెలుగు రీల్స్‌లో దీన్నీ ఏలినాటి శనినీ కలగలిపేసి, ఇరవై తొమ్మిదేళ్ల అమ్మాయిలందరికీ "ఇది మీ శని టైం, మిమ్మల్ని మీరు వెతుక్కోండి" అని చెబుతున్నారు. ముప్పై దగ్గరపడుతుంటే పెళ్లి ఎప్పుడు, పిల్లలెప్పుడు, ఉద్యోగం ఎక్కడ అని చుట్టూ నలుగురూ అడిగే వయసు అది. అప్పుడు మనసు కలతగా ఉండటానికి గ్రహం అక్కర్లేదు, ఒక పెళ్లి భోజనాలకు వెళ్లొస్తే చాలు.

మన సంప్రదాయంలోనే ఒక మాట ఉంది, చెల్లికి ఎవరూ చెప్పనిది. ఏలినాటి శని మొదటిసారి వస్తే మంగు శని, రెండోసారి పొంగు శని, మూడోసారి మరణ శని అంటారు. పొంగు శనిలో మేలే ఎక్కువని పెద్దల మాట. మీనరాశికి కిందటిసారి 1993 నుంచి 2000 దాకా నడిచింది. అప్పుడు తను పలకా బలపం పట్టుకున్న పిల్ల. ఇప్పటిది రెండోది, అంటే పొంగు శని. పుస్తకం ప్రకారమే చూసినా కొత్త పని మొదలుపెట్టడానికి అడ్డేమీ లేదు. నేను ఇది చెబితే "అవునా!" అని రెండు నిమిషాలు ఊరుకుంది. ఒకే శాస్త్రంలో ఆపే మాటా ఉంది, పంపే మాటా ఉంది. ఏది బయటికి తీస్తారనేది చెప్పేవాళ్ల చేతిలో ఉంది.

ఇది పనిచేస్తుందా అన్న ప్రశ్నకు సూటిగా సమాధానం చెప్పిన పరీక్ష మన దేశంలోనే జరిగింది. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్, ఆయన సహచరులు మహారాష్ట్రలో 200 మంది పిల్లల జాతకాలు సేకరించారు. వంద బాగా చదివే పిల్లలవి, వంద బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలవి. 27 మంది జ్యోతిష్కులు తలా నలభై జాతకాలు చూసి ఏది ఎవరిదో చెప్పారు. సగటున సరిపోయినవి 46 శాతం. నాణెం ఎగరేసి చెప్పినా సగం సరిపోతాయి.

మరి "నా గురించి అచ్చు చెప్పినట్టు చెప్పారు" అని అందరికీ ఎందుకనిపిస్తుంది? 1948లో అమెరికాలో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, తలా ఒక కాగితం ఇచ్చి, ఇది నీ స్వభావం, ఎంత సరిపోయిందో 5కి మార్కులెయ్యమన్నాడు. సగటు దాదాపు 4.3 వచ్చింది. అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం. చాలావరకు రోడ్డు పక్క అమ్మే జ్యోతిషం పుస్తకంలోంచి ఎత్తి రాసింది. మన దగ్గరైతే "పైకి ధైర్యంగా కనిపిస్తారు, లోపల బెంగ పడతారు", "మీరు చేసిన మేలు ఎవరూ గుర్తుపెట్టుకోరు". ఇలాంటి మాటలు తెలుగు ఇల్లాలి ముందు చెప్పి చూడండి, కళ్లలో నీళ్లు తిరగకపోతే అడగండి.

ఆ నీళ్లు మాత్రం అబద్ధం కాదు. ఆమెను అలా ఎవరూ అడగలేదు, అంతే.

మా ఊళ్లో ఒక పెద్దాయన ఉండేవారు, పంచాంగం చెప్పేవారు. మధ్యాహ్నం వంటింటి పని అయ్యాక ఆడవాళ్లు ఆయన అరుగు మీదికి వెళ్లేవాళ్లు. ఆయన పంచాంగం తెరిచి వేళ్లు లెక్కపెట్టుకుంటూ అరగంట వినేవారు. చివర్లో ఎప్పుడూ రెండు ప్రశ్నలు: "అన్నం సయిస్తోందా అమ్మా? నిద్ర పడుతోందా?" నాకు గుర్తుండి ఇద్దరిని ఆయనే కాకినాడ పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. తాంబూలంలో పది రూపాయలు. ఇప్పుడు యాప్‌లో నిమిషానికి ఇంత అని మీటర్ తిరుగుతుంటుంది. అవతలివాడు "ఒక్క నిమిషం, జాతకం ఓపెన్ అవుతోంది" అంటాడు, ఆ నిమిషానికీ డబ్బులే. వినే చెవికి విలువ కట్టడం తప్పని నేననను, కౌన్సెలర్లూ ఫీజు తీసుకుంటారు. కానీ వినిపించుకునేవాడికి మన భయం పెరిగేకొద్దీ ఆదాయం పెరుగుతుంటే, వాడు భయం తగ్గించే మాట ఎందుకు చెబుతాడు?

ఆడవాళ్ల జాతకాల గురించి ఒక పాత సంగతి చెప్పాలి. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడి బృహజ్జాతకంలో స్త్రీ జాతకానికి వేరే అధ్యాయం ఉంది. స్త్రీ జాతకంలో కనిపించే ఫలాల్లో ఆమెకు పొసగనివి భర్తకు చెప్పాలంటుంది అది. అంటే రాజయోగం ఆమె చక్రంలో ఉన్నా రాజ్యం ఆయనది. ఎనిమిదో ఇల్లు ఆమెకు మాంగల్య స్థానం. వందల ఏళ్లపాటు ఆడదాని జాతకం తీసింది పెళ్లికి పొంతన చూడటానికి, లేదా ఆయన ఆయుష్షు తెలుసుకోవడానికి. ఈ రోజుల్లో "నీ చక్రం నీ గురించి ఏం చెబుతోంది, నీకేం కావాలి" అని అడిగే వీడియోలు వేలమంది ఆడవాళ్లు చూస్తున్నారంటే నాకు ఆశ్చర్యం లేదు. శాస్త్రం మారలేదు కానీ ప్రశ్న మారింది. ఆ ప్రశ్నకే వాళ్లు అతుక్కుపోతున్నారని నా అనుమానం.

చిక్కల్లా ప్రశ్న అడిగాక జవాబు ఆకాశంలో వెతకడం దగ్గర వస్తుంది. చెల్లి ఆగిపోవడానికి కారణాలు ఇంట్లోనే ఉన్నాయి, ఒంట్లోనే ఉన్నాయి. 2024లో కేంద్రం చేసిన కాలవినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు 289 నిమిషాలు పెడుతున్నారు, ఇంటిపనిలో చెయ్యిపెట్టే మగవాళ్లు 88 నిమిషాలు. దాదాపు ఐదు గంటలు, అది కూడా పెద్దవాళ్ల సేవ కలపకుండా. మంచం మీదున్న అత్తగారిని రోజుకు మూడుసార్లు అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టే మనిషికి రాత్రి తొమ్మిదింటికి దరఖాస్తు నింపే ఓపిక లేకపోతే దానికి శని ఎందుకు? ఇంట్లో ఇంకో రెండు చేతులు కదలకపోవడం చాలదూ?

ఒంటి సంగతి ఇంకా సూటి. "చెయ్యి ఆడట్లేదు", "కళ్లు తిరుగుతున్నాయి", "ఊరికే ఆయాసం" అంటుంటే రక్తపరీక్ష చేయించమని బలవంతపెట్టాను. హిమోగ్లోబిన్ 8.6. ఆడవాళ్లకు 12కి తగ్గకూడదు. ఇదేం అరుదైన సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఏలినాటి శని నలుగురిలో ఒకరికి, రక్తం తక్కువ సగం మందికి పైగా. ముందు ఏది చూడాలో మీరే చెప్పండి. థైరాయిడ్ కూడా అదే చీటీ మీద రాయించుకోవచ్చు, అది తగ్గినా మనిషి ఇలాగే మందకొడిగా అయిపోతుంది.

మనసు సంగతి. రెండు వారాలకు మించి రోజంతా దిగులుగా ఉండటం, ఇష్టమైన వాటిమీద కూడా ఇష్టం పోవడం, నిద్ర ఆకలి తప్పడం జరిగితే దానికి డిప్రెషన్ అని పేరుంది, మందుంది, మాటతో చేసే వైద్యమూ ఉంది. చచ్చిపోవాలనిపిస్తే గోచారం మారేదాకా ఆగే వ్యవహారం కాదు. మనసు బాగాలేనప్పుడు ఫోన్ చెయ్యడానికి ప్రభుత్వం పెట్టిన టెలిమానస్ నంబరు 14416, రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు.

ఇంత చెప్పి పరిహారాలన్నీ దండగ అంటానని చూస్తున్నారేమో, అనను. శనివారం తెల్లవారకముందే లేచి తలస్నానం, నలుగురితో బస్సు, గుడి చుట్టూ ప్రదక్షిణలు, నువ్వులనూనె అభిషేకం, దారిలో టిఫిను, ఎవరితోనో నాలుగు కబుర్లు. వారాల తరబడి ఇంటి గుమ్మం దాటని ఆడమనిషికి ఇది చిన్న విషయం కాదు. దిగులుకు చేసే మానసిక చికిత్సలో ఒక పద్ధతి ఉంది: హుషారు వచ్చాక పని చేద్దామని కూర్చోకుండా, చిన్న పని ఒకటి టైం పెట్టుకుని చెయ్యమంటారు, హుషారు వెనకాల వస్తుందని. శనివారం మొక్కు చాలావరకు అదే పని చేస్తుంది. అందుకే నేను పరిహారాలను ఒకే కొలతతో కొలుస్తాను: మనిషిని లేపి నడిపించేది ఏది, డబ్బు కట్టించుకుని ఇంట్లో కూర్చోబెట్టేది ఏది? వేలు పోసి నీలం ఉంగరం పెట్టుకుని 2027 కోసం ఎదురుచూడటం రెండో రకం.

ఇందులో ఒక అన్యాయం కూడా దాగి ఉంది. మహారాష్ట్రలోని శనిశింగణాపూర్‌లో శని శిల ఉన్న గద్దె మీదికి ఆడవాళ్లను 2016 ఏప్రిల్ దాకా ఎక్కనివ్వలేదు. శని పట్టడానికి ఆడా మగా తేడా లేదు, దగ్గరికి వెళ్లి మొక్కుకోవడానికే ఉంది.

శని బాధ పోవాలంటే నలుడి కథ వినమంటారు కదా. భారతంలో నలుణ్ని పట్టింది కలి, మన ఇళ్లలో చెప్పేటప్పుడు శని. అందరూ నలుడి కష్టాలే చెబుతారు: రాజ్యం పోవడం, కట్టుబట్టతో అడవి, రూపు మారి ఇంకొకరి దగ్గర రథం తోలడం. దమయంతి చేసిందేమిటో గుర్తుందా? పుట్టింటికి చేరాక ఆయన గ్రహచారం బాగుపడేదాకా చూద్దామని కూర్చోలేదు. నలుడికి మాత్రమే జవాబు తెలిసే మాటలు నేర్పించి బ్రాహ్మణుల్ని ఊళ్ల మీదికి పంపింది. ఒక జవాబు దొరకగానే రెండో స్వయంవరమని, నలుడు రథం తోలుతున్న రాజు ఋతుపర్ణుడికి ఒక్కడికే కబురు పెట్టింది, అదీ తెల్లారితే స్వయంవరం అన్నంత తక్కువ వ్యవధిలో. అంత వేగంగా రథం తోలగలిగేది నలుడొక్కడేనని ఆమెకు తెలుసు. ఆ దారిలోనే నలుణ్ని కలి వదిలింది. చెల్లికి ఈ కథ ఫోన్లో చెప్పాను. "నాకు అంత తెలివి లేదులే అక్కా" అంది. తెలివి సంగతి తర్వాత, ముందు ఐరన్ మాత్రలు వేసుకోమన్నాను.

మూడు నెలలు వేసుకుంది. ఇంట్లో ఒక గొడవ పడి, ఆదివారాలు అత్తగారి పని మరిదికి అప్పజెప్పింది. అది తేలిగ్గా జరగలేదు, ఆ కథ ఇక్కడ రాస్తే ఊరుకోదు. జ్యోతిష్కుడి దగ్గరికి వెళ్లడం మానలేదు. ఈసారి "మొదలుపెట్టనా వద్దా" అని అడక్కుండా "ఏ రోజు మొదలుపెట్టను" అని అడిగిందట. ఆయన ఓ బుధవారం చెప్పాడు. ఆ బుధవారం సర్వర్ పనిచెయ్యలేదు.

తర్వాతి శనిత్రయోదశికి మందపల్లి వెళ్లింది. క్యూలో నిలబడి ఫోన్ చేసింది. వెనక జనం గోల, మైకులో ఎవరో తప్పిపోయిన పిల్లాడి పేరు. గట్టిగా అరుస్తోంది: "అక్కా, వినపడుతోందా? మెథడాలజీ దగ్గర సోషల్ పెట్టనా, ఇంగ్లిష్ పెట్టనా?"